అలీసాగర్ నీళ్లలోకి అమ్మ దూకిన రోజు

మా చిన్నప్పుడు... చెరుకు ట్రాక్టర్ ఎక్కి అలీసాగర్ చూడ్డానికి బయల్దేరాం.

ఎనభైల చివరి మాట. మాది బోధన్ దగ్గర ఒక ఊరు. బాపు, అంటే మా నాన్న, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రైతు దగ్గర ట్రాక్టర్ నడిపేవాడు. సీజన్ అంతా ఫ్యాక్టరీకి చెరుకు తోలడమే పని. సీజన్ అయిపోగానే ఆ ఆసామి, "పిల్లల్ని ఎటైనా తిప్పుకురావయ్యా, బండి తీసుకెళ్లు" అన్నాడు.

ఇంకేముంది... ఆదివారం చర్చి అవగానే మా వాడకట్టు వాళ్లమంతా ట్రాలీ ఎక్కేశాం. కింద వరిగడ్డి, దాని మీద జంపఖానా. సర్వలో కోడికూర, పాత ధోవతిలో చుట్టిన జొన్నరొట్టెలు, కుండలో సల్ల... తోటలు చూస్తాం, గుట్ట మీద బంగళా చూస్తాం, జింకల్ని చూస్తాం అని పిల్లలం ఒకటే గోల.

అమ్మ మాత్రం తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని, తల మీద కొంగు జారకుండా ఓ మూల కూర్చుంది. మా అమ్మ గొంతు పక్కింటికి వినబడేది కాదు. ఇంట్లో అవ్వ, అంటే బాపు తల్లి, ఎదురుగా ఉంటే కూర్చునేది కూడా కాదు. బాపు అలా కాదు... పది మందిలో నవ్వించాలి, గొప్పలు చెప్పాలి. ఏ బావిలో ఎంత పైనుంచి దూకాడో, గోదావరిని ఎట్లా ఈదాడో... ఆ కథలన్నీ మాకు నోటికొచ్చు.

అలీసాగర్ చేరి, కట్ట పక్కన చెట్ల నీడలో తిన్నాం. బాపు చేతులు కడుక్కోవడానికి రాళ్ల మీదుగా నీళ్ల దాకా దిగాడు.

"పైలం బిడ్డా, పాచి ఉన్నది" అంది అవ్వ.

"నాకు చెప్తున్నవా అవ్వా? ఆ ఒడ్డుకు ఈదిపోయి రావాల్నా?" అని నవ్వుతూ వెనక్కి తిరిగాడు... అంతే. కాలు జారింది.

మొదట అందరం నవ్వాం. వేషాలు వేస్తున్నాడనుకున్నాం...

తల ఒకసారి పైకి తేలింది. నోరు తెరిచి ఉంది... అరుపు లేదు. మళ్లీ మునిగింది. అప్పుడు అర్థమైంది... బాపుకు ఈత రాదు.

మగవాళ్లు కట్ట మీద అటూ ఇటూ ఉరుకుతున్నారు. "తాడు తేండ్రి! ట్రాలీల తాడున్నది!" అని ఎవరో కేకలు. దిగేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

"అత్తమ్మా, పిలగాన్ని పట్టు!"

ఆ కేక ఎవరిదో నాకు తెలియలేదు. తిరిగి చూస్తే తమ్ముడు అవ్వ చేతుల్లో ఉన్నాడు. అమ్మ కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు పైకి దోపుతోంది. చూస్తుండగానే నీళ్లలోకి దూకేసింది...

ఇద్దరూ పోయారనుకున్నాను. అవ్వ "ఓ యేసయ్యా" అంటూ కూలబడిపోయింది.

అమ్మ మునగలేదు... ఈదుతోంది! అంత బరువు చీరతో, నీళ్లు చిమ్మకుండా, చేతులు చాచి చాచి ఈదుతోంది. బాపు ఆమె మీదికి ఎగబడ్డాడు. అమ్మ దొరకలేదు. చుట్టూ తిరిగి వెనక నుంచి జుట్టు పట్టుకుంది.

"కాళ్లు చేతులు కొట్టకు! ఊకో... ఊకోమన్ననా!"

మా అమ్మ బాపును గద్దించడం ఎప్పుడైనా విన్నామా... లేదు.

తాడు విసిరారు. ఇద్దర్నీ పైకి లాగారు. బాపు రాళ్ల మీద బోర్లా పడి నీళ్లు కక్కుకున్నాడు. కానీ అందరి చూపూ అమ్మ మీదే... ఆమె కొంగు పిండుకుని, మళ్లీ తల మీద కప్పుకుంది.

ముందుగా అవ్వే అడిగింది. "నీకు ఈతొస్తదా కోడలా?"

"వస్తది అత్తమ్మా. మాది మంజీర ఒడ్డు గదా... ఎండకాలం ఇసుకల కర్బూజ తోట పెడ్తుంటిమి. ఆ గడ్డకు, ఈ గడ్డకు ఈదుకుంటనే తిరిగేది."

"మరి గిన్నేండ్లల్ల ఒక్కపారన్న చెప్పకపోతివి?"

"మా నాయిన వద్దన్నడు. ఆడిపిల్ల మొగోళ్ల లెక్క ఏట్ల ఈత కొడ్తదని తెలిస్తే, సంబంధం తప్పిపోతదన్నడు."

బాపు మెల్లగా తలెత్తాడు. "నాకన్న చెప్పొద్దా?"

"నువ్వు ఎన్నడన్న అడిగినవా?"



జింకల్ని చూడకుండానే తిరిగొచ్చాం. ట్రాక్టర్ వేరే ఆయన నడిపాడు. బాపు ట్రాలీలో అమ్మ పక్కన కూర్చుని దారంతా ఆమె వైపే చూశాడు... పెళ్లిచూపులకు వచ్చినవాడిలాగా.

మరుసటి ఎండాకాలం కాలువలో నీళ్లు వదిలినప్పుడు అమ్మ ఆడపిల్లనైన నాకు ఈత నేర్పింది. నేర్పమన్నది ఎవరనుకున్నారు... అవ్వ! తనే కట్టె పట్టుకుని గట్టు మీద కాపలా కూర్చుంది. "ఎవడన్న ఇటు సూస్తే కండ్లు పీకుత" అనేది. బాపు కూడా పొద్దున్నే వచ్చి, నాతోపాటు నడుము లోతు నీళ్లలో చేతులు ఆడించేవాడు. గోదావరి కథ మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు అలీసాగర్‌కు కార్లలో వెళ్తున్నారు... ఫొటోలు దిగి, గంటలో తిరిగొస్తున్నారు. ఆడపిల్లలు ఈత పోటీలకు పోతున్నారు, పేపర్లో బొమ్మలు పడుతున్నాయి. అమ్మ ఉంటే చూసి మురిసిపోయేది... ఆమె పోయాక ఎన్ని ప్రశ్నలు గుర్తొస్తున్నాయో. ఆ కర్బూజ తోటలో ఇంకా ఏమేం చేసేదో అడగనేలేదు.

మీ అమ్మకు వచ్చిన ఏ విద్య మీకు ఆలస్యంగా తెలిసింది? రాయండి... చదువుతాను. ఒకవేళ అమ్మ ఇంట్లోనే ఉంటే, ముందు వెళ్లి అడిగి రండి.