మా అత్త నాకిచ్చిన పవర్

మా మేనత్త మొన్న సోమవారం తెల్లవారుజామున, ఉరవకొండలో తన ఇంట్లోనే, నిద్రలో పోయింది. ఆమెతోపాటు నా పెత్తనమూ పోయింది. తన తరఫున సంతకాలు పెట్టమని నాకు పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చింది. ఇచ్చిన మనిషి పోతే ఆ కాగితం ఇక చెల్లదు. ఏడుస్తూనే ఆ మాట చెప్తే పలకరించడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. ఆమె ఉంటే అందరికంటే ముందు నవ్వేది.

అత్తకు పిల్లల్లేరు. చూపు మందగించాక చేను వ్యవహారాలు ఎవరికో ఒకరికి అప్పగించక తప్పలేదు. మా అన్నలిద్దరిలో ఒకరికి ఇస్తుందనుకున్నాం. నాకూ ఆమెకూ ఎప్పుడూ వాదులాటే. వేరుశనగ ఎప్పుడు విత్తాలి అన్నదగ్గర్నుంచి చారులో పులుపు దాకా.

రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బండి దగ్గర అందరం ఉగ్గాని, బజ్జీ తింటుంటే దస్తావేజు రాసే ఆయన వచ్చి, "ఎవురి పేరు రాయల్లమ్మా?" అన్నాడు.

"ఈ పాప పేరు రాయప్పా. నాతో కొట్లాడేది ఇదొక్కతే. వాళ్ళిద్దరూ నేనేమన్నా 'సరే అత్తా' అంటారు. వాకిలి దాటినాక వాళ్ళిష్టం."

పెద్దన్న బజ్జీ నములుతూ, "సరే అత్తా," అన్నాడు.

నన్ను అంతగా నమ్మినవాళ్ళు మరొకరు లేరు. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది.

కోతలయ్యాక గొర్రెలవాళ్ళు ఆమె చేలో మంద ఆపేవారు, నేలకు ఎరువని. "నా చేనుకు సుట్టాలొచ్చినారు," అంటూ మంచం అక్కడికే వేయించుకుని వాళ్ళతో కబుర్లాడేది. ఆ చేనునే ఒక సోలార్ కంపెనీ కౌలుకు అడిగింది. కంచె వేస్తే మంద రాదని అత్త వద్దంది. వానను నమ్ముకున్న నేల, ఇచ్చేయమని నేను పోట్లాడాను. ఓడిపోయాను.

తర్వాత గుండె ఆపరేషనై ఆమె తెలివిలేకుండా ఉన్నప్పుడు కంపెనీవాళ్ళు మళ్ళీ వచ్చారు.

"నువ్వూ ఇమ్మనే అంటివి కదా. సంతకం నీ చేతిలోనే ఉండాది, పెట్టేయ్," అన్నాడు చిన్నన్న.

పెట్టనన్నాను. అన్న అలిగి మాట మానేశాడు. అత్త ఇక లేవదేమోనని నాకు ఒకటే భయం.

లేచింది. మాట వచ్చాక అడిగిన మొదటి సంగతి అదే.

"సోలారోళ్ళు వచ్చింటారే. చేను ఇచ్చేసినావా?"

"లేదత్తా."

"ఏమి, మనసు మారిందా?"

"మారలేదు. నాదైతే ఎప్పుడో ఇచ్చేసేదాన్ని. చేను నీది కదా."

అత్త నవ్వడం మొదలుపెట్టింది. కుట్లు లాగుతుంటే ఛాతీమీద దిండు అదిమిపట్టుకుని మరీ నవ్వింది. నర్సు పరిగెత్తుకొచ్చి కోప్పడితే నా వైపు వేలు చూపించి, "దీన్ని తిట్టు తల్లీ, నన్ను గాదు," అంటూ కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వుతూనే ఉంది.