ఢంకా బాబాయి చెప్పిన ఊరి చరిత్ర

ఢంకా బాబాయికి ఊరి చరిత్రలో తెలియని విషయం లేదు. తెలిసినదాంట్లో నిజం లేదు, అంతే. ఏ వీధికి ఆ పేరెందుకొచ్చిందో, ఏ గోడ ఎవరు కట్టించారో ఎవరూ అడగకముందే చెప్పేవాడు. చెప్పిందల్లా తప్పే. పోనీ ఆ తప్పునైనా నసుగుతూ చెబుతాడా? ఢంకా బజాయించి చెబుతాడు. ఆ పేరు అందుకే వచ్చింది.

ఆయన అన్నగారి కూతురు పాత సబ్బుల ఫ్యాక్టరీ భవనంలో బ్రూవరీ పెట్టింది. పెద్ద కంపెనీల సీసాలు తెచ్చి అమ్మడం కాదు, బార్లీ నానబెట్టడం మొదలు అన్నీ దగ్గరుండి చూసుకుని స్టీలు ట్యాంకుల్లో తనే తయారుచేసే బీరు. నెలకోసారి సాయంత్రం పూట ఆ ట్యాంకుల పక్కనే బల్లలు వేయించి, ఊరి చరిత్ర మీద ముచ్చట్లు పెట్టించేది. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే లెక్చరర్ గారు మాట్లాడేవారు. జనం గ్లాసులు పట్టుకుని వినేవారు. బాబాయి మాత్రం గ్లాసు ముట్టుకోకుండా అడ్డుపడేవాడు.

"చుక్క తాగకుండానే ఇలా ఉన్నావు, తాగితే ఏమైపోతావు బాబాయ్?" అని అడిగింది అమ్మాయి ఒకసారి.

"తాగితే నిజాలు చెప్పేస్తానేమోనని భయం అమ్మలూ" అన్నాడాయన.

మొదటి నెల లెక్చరర్ గారు రైలు వంతెన గురించి ఎత్తుకున్నారో లేదో, బాబాయి లేచాడు.

"అది రైళ్ల కోసం కట్టింది కాదు మాస్టారూ. సర్కస్ ఏనుగులు ఏరు దాటడానికి కట్టారు. పట్టాలు తర్వాత వేశారు."

వెనక బల్ల దగ్గర ఎన్నడూ నోరు విప్పని రిటైర్డు ఇంజన్ డ్రైవరు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "ఏనుగులా! ఎవరితో చెబుతున్నారండీ?" అని మొదలుపెట్టి, వరద నీరు పట్టాలను తాకుతుంటే ఆ వంతెన మీద బండి ఎలా నడిపాడో, అవతలి ఒడ్డు చేరాక కిందికి దిగి ఇంజనుకు ఎలా దండం పెట్టాడో చెప్పుకొచ్చాడు. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. లెక్చరర్ గారు తెచ్చుకున్న ఫొటోలు సగం అలాగే మిగిలిపోయాయి.

మరో నెల పోస్టాఫీసు వంతు. "అది మొదట్లో జైలు" అని బాబాయి తీర్పు చెప్పేశాడు.

ముసలి పోస్టుమాన్‌కు ఒళ్లు మండిపోయింది. "జైలేమిటండీ, జైలు! నా సగం జీవితం అందులోనే గడిచింది!"

"చూశారా? ఖైదీ స్వయంగా సాక్ష్యం చెబుతున్నాడు!"

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వనిది లెక్చరర్ గారొక్కరే. అంతా వెళ్లాక ఆయన అమ్మాయిని పక్కకు పిలిచారు.

"అమ్మా, నేను పుస్తకాలన్నీ తిరగేసి వస్తున్నాను. మీ బాబాయి గారు నోటికొచ్చింది వాగుతున్నారు. వచ్చే నెల ఆయనైనా నోరు మూసుకోవాలి, నేనైనా మానుకోవాలి."

అమ్మాయి ఇరకాటంలో పడింది. బీరు అంటే ముఖం చిట్లించుకున్న ఊరివాళ్లు తన గుమ్మం తొక్కింది ఈ సాయంత్రాల వల్లనే. లెక్చరర్ గారు మానేస్తే ఇవి ఆగిపోతాయి. బాబాయిని మానిపించడమా? చిన్నప్పుడు సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పినవాడు. మర్నాడు పొద్దున్నే ట్యాంకు కడుగుతూ, ఆయన ముఖం చూడకుండా చెప్పింది.

"బాబాయ్, ఈసారి ఒక్కసారికి నోరు విప్పకు. నా కోసం."

"దానికంత మొహమాటమెందుకే? నేను పుట్టుకతోనే మితభాషిని."

ఆ నెల విషయం ఆ భవనమే, అంటే పాత సబ్బుల ఫ్యాక్టరీ. కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒక కోడలు తన అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. "అత్తయ్య ఇక్కడే పనిచేసేవారట. ఎప్పుడు అడిగినా 'ఆ, ఏముందిలే' అంటారు. మామయ్య పోయాక ఆ మాట కూడా తగ్గిపోయింది" అని కౌంటరు దగ్గర అమ్మాయితో మెల్లగా చెప్పింది. పక్కనే గ్లాసులు తుడుస్తున్న బాబాయి తల ఎత్తలేదు.

లెక్చరర్ గారు ఆ రోజు అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడారు. ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు మూశారో, మధ్యలో ఎన్ని టన్నుల సబ్బు తయారైందో చెప్పారు. ఒక్క పొల్లు మాట లేదు. ముందు వరసలో ఒకాయన చక్కగా కునుకు తీశాడు. చివర్లో లెక్చరర్ గారు "ఎవరికైనా ఏమైనా గుర్తుంటే చెప్పండి" అన్నారు. ట్యాంకులను చల్లబరిచే మిషను రొద తప్ప హాల్లో చప్పుడు లేదు. జనమంతా బాబాయి వైపు చూశారు. ఆయన బడిపిల్లాడిలా మూతి మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

"పెద్దమ్మా, మీరిక్కడ పనిచేశారని అమ్మాయి చెప్పింది." అని లెక్చరర్ గారే అడిగారు.

పెద్దావిడ కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. "నాకేం తెలుసు బాబూ, చదువు లేనిదాన్ని" అంటూ కోడలి వెనక్కి జరిగింది.

బాబాయి వేలు మూతి మీద నుంచి దిగింది. అమ్మాయి కళ్లతోనే వద్దని బతిమాలింది. అయినా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఆవిణ్ణి అడగడం శుద్ధ దండగ మాస్టారూ! ఈ ఫ్యాక్టరీలో ఆడవాళ్లెక్కడ పనిచేశారు? సబ్బులకు కాగితం చుట్టడానికి ఫారిన్ మిషన్లుండేవి!"

అమ్మాయి తల పట్టుకుంది. లెక్చరర్ గారు తన సంచి భుజాన వేసుకున్నారు. అప్పుడు వినిపించింది పెద్దావిడ గొంతు.

"మిషనా? ఎక్కడయ్యా మిషను?" ఆవిడ కోడల్ని పక్కకు తోసి ముందుకొచ్చింది. "ఇవిగో, ఈ చేతులే మిషన్లు!"

"సర్లేమ్మా, అందరూ ఇలాగే చెబుతారు" అన్నాడు బాబాయి.

"నువ్వు కూర్చోవయ్యా!"

బాబాయి వెంటనే కూర్చున్నాడు. పెద్దావిడ లెక్చరర్ గారి చేతిలోని కళ్లజోడు పెట్టె లాక్కుని, బల్ల మీది కాగితంలో పెట్టి, ఇటొక మడత, అటొక మడత, చివర బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక ఆవిణ్ణి ఆపడం ఎవరి తరం? మాటలాడితే సూపర్‌వైజరు తిడతాడని ఆడవాళ్లంతా కనుబొమలతోనే కబుర్లు ఎలా చెప్పుకునేవారో చేసి చూపించింది. అచ్చుల గదిలో సబ్బుల మీద ముద్ర కొట్టే కుర్రాడొకడు రోజూ ఒక సబ్బు మీద మాత్రం ముద్ర తలకిందులుగా కొట్టి ఆవిడ బల్లకు పంపేవాడట.

"ఎందుకత్తయ్యా?" అంది కోడలు.

"ఎందుకేమిటే, ఆయనే మీ మామయ్య! ముద్ర చెడిన సబ్బు మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లనిచ్చేవారు. పెళ్లయ్యేదాకా మా ఇంట్లో సబ్బు కొంటే ఒట్టు!"

కోడలు ఆవిడ భుజం మీద తల పెట్టి నవ్వింది. లెక్చరర్ గారు సంచి దించి, కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు.

జనం కదిలాక గ్లాసులు సర్దుతుంటే అమ్మాయికి తట్టింది.

"బాబాయ్! నాయనమ్మ పనిచేసింది కూడా ఇక్కడేగా? కాగితాలు చుట్టిన చేతులని నువ్వే చెప్పేవాడివి! మరి ఆడవాళ్లే లేరంటావా?"

"మెల్లగా మాట్లాడవే, మాస్టారు ఇక్కడే ఉన్నారు."

"అంటే ఏనుగులూ, జైలూ..."

"మాస్టారిలాంటి పెద్దవాళ్ల ముందు నోరు విప్పాలంటే జనానికి బెరుకు అమ్మలూ. నాలాంటి వాజమ్మ ముందైతే ఎవరికి బెరుకు?"

లెక్చరర్ గారు అంతా విన్నారు. బాబాయి వైపు చూసి తల ఊపి వెళ్లిపోయారు.

తర్వాతి నెల ఊళ్లోని పాత సినిమా హాలు గురించి. ఆ రోజే బాబాయికి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. మెడకు మఫ్లరు చుట్టుకుని, లెక్చరర్ గారు స్వయంగా పట్టుకొచ్చి వేసిన కుర్చీలో ముందు వరసలో కూర్చున్నాడు. ఆ హాల్లో ఏళ్ల తరబడి బొమ్మ వేసిన ఆపరేటరు గోడకు ఆనుకుని గ్లాసులోకి చూస్తున్నాడు. ఎంత అడిగినా "అబ్బే, నాకేం గుర్తులేదండీ" అంటున్నాడు.

లెక్చరర్ గారు బాబాయి వైపు చూశారు. బాబాయి గొంతు చూపించి చేతులెత్తేశాడు. లెక్చరర్ గారు చొక్కా సర్దుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకంలో లేని మాట జీవితంలో అనని ఆ మనిషి కళ్లు గట్టిగా మూసుకుని అనేశారు.

"ఆ హాల్లో... సినిమాలు ఎప్పుడూ ఆడలేదండీ. అది... అది గుర్రాలశాల."

ఆపరేటరు గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు. "గుర్రాలశాలా? చదువుకున్నవారు, మీరేనా ఇలా మాట్లాడేది?" అంటూ చొక్కా చేతులు పైకి మడుచుకుని ముందుకొచ్చాడు.

లెక్చరర్ గారు చివాట్లు తింటూ చెమట తుడుచుకుని, సంతోషంగా బాబాయి పక్క కుర్చీలో కూలబడ్డారు. బాబాయి ఆయన వీపు తట్టాడు.