రొయ్యలు వలిచే చేతులకు అందే మౌసు

మా గుడివాడ బావ చెయ్యి పెడితే ఏ కంప్యూటరైనా లేచి కూర్చుంటుందని మా అక్కకు మహా గొప్ప. నాకైతే ఆయన తొందర చూస్తే ఒళ్లు మండుతుంది. మా ఇద్దరిదీ కంప్యూటర్లు బాగుచేసే పనే. ఆయన కొట్టు గుడివాడలో, నాది బందరులో. కోడూరులో ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పే టీచరుగారు ఫోన్ చేసి, మా బావ చేసిన పని ఒకసారి చూడమన్నప్పుడు, ఏదో కొంప ముంచే ఉంటారనుకుంటూ బండి తీశాను.

అక్కడికి వచ్చేవాళ్లలో సగంమంది రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్లే. ఐసులో పెట్టిన రొయ్యలు వలిచీ వలిచీ వాళ్ల వేళ్లు బిగుసుకుపోతాయి. మౌసు టకటకా రెండుసార్లు నొక్కమంటే మధ్యలో ఎడం వచ్చేస్తుంది, ఫైలు తెరుచుకోదు. టీచరుగారు ఒకావిడను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇప్పుడు అందుతోందా అమ్మా?" అని అడుగుతూ, ఆ రెండు నొక్కుల మధ్య కంప్యూటర్ ఒప్పుకునే ఎడం పెంచుకుంటూ పోయారు. అక్షరాలు పెద్దవి చేశారు, తెలుగు కీబోర్డు పెట్టారు. ఆ కంప్యూటర్‌కి నకలు తీసి మిగతా అన్నిటిలో ఎక్కించమని బావకు అప్పగించారు. ఆయన ఎక్కించేసి వెళ్లిపోయారు.

నేను వెళ్లేసరికి, టీచరుగారు పక్కన కూర్చోబెట్టుకున్నావిడే గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. ఇన్నాళ్లూ అందరూ టీచరుగారి పేరుతోనే తెరిచేవాళ్లు, ఇకనుంచి ఎవరి పేరుతో వాళ్లు లాగిన్ అవ్వాలన్నారట. తన పేరు కొట్టి కూర్చుంటే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు.

"మొన్నటిదాకా బాగానే వచ్చింది కదమ్మా," అంటున్నారు టీచరుగారు.

"అదంతా మీ చలవండి. నా చేతులు షెడ్డుకే పనికొస్తాయి. రేపట్నించి షెడ్డు వ్యాను ఎక్కేస్తానండి."

కొత్త బ్యాచికి నేర్పే పని ఆవిడకే ఇప్పించాలని టీచరుగారి ఆశ. ఆవిడ ఆ వ్యాను ఎక్కిందంటే అది పోయినట్టే. తప్పు మీ చేతులది కాదండీ అన్నాను. నమ్మలేదు. సాయంత్రం ఒక్కసారి వచ్చి చూడమంటే మొహమాటానికి తలూపింది.

కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. టీచరుగారి మార్పులన్నీ టీచరుగారి ఖాతాలోనే ఉండిపోయాయి. కొత్త పేరుతో ఎవరు వచ్చినా కంప్యూటర్ తన దగ్గరున్న ఒక మూలరూపం చూసి అన్నీ అమర్చిపెడుతుంది. ఆ మూలరూపాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మాది పెడన, అద్దకం పని చూస్తూ పెరిగినదాన్ని. గుడ్డ మీద గీత దిద్దితే ఆ గుడ్డే బాగుపడుతుంది, అచ్చులో చెక్కితే ప్రతి గుడ్డకీ వస్తుంది.

బావకు ఫోన్ చేశాను.

"అన్నీ ఆన్ అవుతున్నాయిగా మరదలా, ఇంకేంటి? ఆవిడ ఒక్కదానికి నేనొచ్చి మార్చిపెడతాలే."

"ఒక్కదానికి మారిస్తే ఆవిడలోనే ఏదో లోపం ఉన్నట్టు కాదా బావా? రేపు కొత్తగా వచ్చేవాళ్ల సంగతేంటి? మీ తొందర తగలెయ్య."

"నిజమే. బయలుదేరుతున్నా, ఇద్దరం కలిసి చేద్దాం," అన్నారు. పాపం, మనసు మంచిదే.

ఆయన వచ్చేలోగా మొదటి కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ ఖాతా తెరిచి, టీచరుగారు చేసినవన్నీ అందులో మళ్లీ చేశాను. నకలుకు సిద్ధం చేసేటప్పుడు, ఈ సెట్టింగులనే మూలరూపంలో పెట్టి కొత్తవాళ్లందరికీ ఇవ్వమని ఒక ఆదేశం రాయాలి. ఒక్క లైను. మా బావ వదిలేసింది అదే. అది రాసి, నకలు తీసి, ఇద్దరం కూర్చుని అన్నిటిలోనూ ఎక్కించాం.

సాయంత్రం ఆవిడ వచ్చింది. నచ్చిన కుర్చీలో కూర్చోమన్నాం. బెరుగ్గా ఒక మూల కూర్చుని తన పేరు కొట్టింది. అక్షరాలు పెద్దవిగా వచ్చాయి. మౌసు నొక్కింది, కాస్త ఆగి మళ్లీ నొక్కింది. ఫైలు తెరుచుకుంది.

"నాకోసం మార్చారాండీ?"

"లేదండీ. ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఇంతే."

నమ్మకం కుదరక లేచి, పక్క కంప్యూటర్ దగ్గర కూర్చుని చూసింది. దాని పక్కదీ చూసింది. తర్వాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది.

"అయితే నా చేతులు బానే ఉన్నాయన్నమాట," అంది.

బావ మొహం అటు తిప్పుకున్నారు. ఆవిడ ఫోన్ తీసి వ్యాను డ్రైవర్‌కి చేసి, రేపు తన కోసం ఆగొద్దని చెప్పింది.