మా బావ చంపిన ఫ్యాన్లు

మా బావ మోటార్‌సైకిళ్ల మెకానిక్. ఈ ముక్క ఆయన చెవిన పడితే నా మీద కస్సుమంటాడు. పడదు లెండి, నేను చెప్పబోయేది ఆ సంగతే. ఆయన దృష్టిలో మెకానిక్కులంటే బోల్టులు విప్పుకునే జనం. తాను మాత్రం డాక్టరు. వీధంతా అలాగే పిలుస్తుంది. నేను ఆయన షాపులో సామాన్ల అల్మరా చూసుకునే బావమరిదిని, అంటే అన్నం కంటే తిట్లు ఎక్కువ తినేవాణ్ణి.

ఆయన వైద్యం ఎలా ఉంటుందంటే, ముందు బండి స్టార్ట్ చేయిస్తాడు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుంటాడు. ఇక వీధికి వీధే నోరు మూసుకోవాలి. పక్కన టైలరు కుట్టుమిషను ఆపేస్తాడు. ఎదురుగా టీకొట్టాయన గ్లాసులు కడగడం ఆపేస్తాడు. బండి తెచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి ఆయన మొహంలోకే చూస్తుంటారు. కాసేపటికి బావ కళ్లు తెరిచి, "బేరింగు పోయింది" అనో, "చైను వదులైంది" అనో తీర్పు చెబుతాడు. ఇరవై ఏళ్లపాటు ఆ తీర్పు ఒక్కసారి కూడా తప్పలేదు. బావ కదా అని పొగడటం లేదు, నిజమే చెబుతున్నాను. మీటర్లు పెట్టి చూసుకునే మెకానిక్కులంటే ఆయనకి భలే జాలి. "పాపం, వాళ్లకి చెవుల్లేవురా" అనేవాడు.

రెండేళ్ల క్రితం ఆ చెవులే మొరాయించాయి. ముందు కనిపెట్టింది మా అక్క. వంటింట్లోంచి ఎంత పిలిచినా పలకకపోతే, పెళ్లయిన మగాళ్లందరికీ ఉన్న జబ్బే కదా అని సరిపెట్టుకుంది. తరవాత పక్కనే ఫోన్ మోగినా పలకలేదు. టీవీ పెడితే మా ఇంటి వార్తలు వీధి చివరి వాళ్లు కూడా వినేవాళ్లు. బండ్లకి రంగులేసే పెయింటరు ఒకడు, పాపం మంచికే, "ఒకసారి చెవులు చూపించుకోకూడదా" అన్నాడు. బావ ఆర్నెల్లు వాడి మొహం చూడలేదు. అక్క నన్ను పక్కకి లాక్కెళ్లి, "ఆయన దగ్గర చెవి మాటెత్తావో, నీ సంగతి చెబుతా! ఆ డాక్టరు పేరు పోతే మనిషి మంచం పడతాడు" అని ఒట్టు వేయించుకుంది. అంతే, వీధంతా కలిసి నాటకం మొదలుపెట్టాం. ఆయన స్క్రూడ్రైవర్ ఎత్తగానే ఎప్పట్లాగే అందరం నిశ్శబ్దం. చెవిటాయన కోసం నిశ్శబ్దం! పాత బండ్లు గనక వాటి వణుకు చేతికైనా తెలిసేది, ఎలాగో నెట్టుకొచ్చాడు.

అప్పుడొచ్చింది శాంపిళ్లావిడ. క్లినిక్కుల్లో తీసిన రక్తం శాంపిళ్లని పెట్టెలో పెట్టుకుని ల్యాబుకి చేర్చడం ఆవిడ పని. ఇద్దరు పిల్లలు, కాలు కదపలేని అత్తగారు, అందరి బతుకూ ఆ బండి మీదే. అది కొత్త రకం బండి. ముందు ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల రేడియేటరు, దాని వెనక చిన్న ఫ్యాను. బండి పరిగెడుతున్నంతసేపూ ఎదురుగాలికే నీళ్లు చల్లబడతాయి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రం ఆ ఫ్యాను తిరగాలి. అది తిరగడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజిన్ మరిగిపోయి మొండికేస్తోంది.

"అన్నా, రెండుసార్లు లేటయ్యాను. శాంపిళ్లు పాడైపోయాయని సూపర్‌వైజరు చిందులు తొక్కాడు. మళ్లీ ఆగిందంటే రూటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తాడట. ఎలాగైనా చూడన్నా" అంది.

"నా చేతిలో పెట్టావుగా, ఇక మర్చిపోమ్మా" అన్నాడు బావ. ఆవిడ మొదటే గట్టి గొంతు మనిషి కావడం ఆయన అదృష్టం.

బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి ఫ్యానుకి తగిలించాడు. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. నేను నా రెండు కళ్లతో చూశాను. మెత్తగా, చప్పుడు లేకుండా, గిర్రున తిరుగుతోంది. కానీ బావ అప్పటికే కళ్లు మూసుకుని స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. టైలరు, టీకొట్టాయన, శాంపిళ్లావిడ అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఫ్యాను వంక చూసిన దౌర్భాగ్యుణ్ణి నేనొక్కణ్ణే.

బావ వైర్లు పీకేసి, కళ్లు తెరిచి, "చచ్చింది" అన్నాడు.

తిరుగుతోంది కదా బావా అనబోయాను. అక్క ఒట్టు గుర్తొచ్చింది, ఆర్నెల్లు వెలేసిన పెయింటరు గుర్తొచ్చాడు. అల్మరాలోంచి బుద్ధిగా కొత్త ఫ్యాను తీసిచ్చాను. బిగించాక దాన్ని పరీక్షించలేదేమని ఆవిడ అడిగితే, "కొత్తదానికి జబ్బేముంటుందమ్మా?" అన్నాడు. ఖాళీ రోడ్డు మీద ఒక రౌండు వేసొచ్చాడు. ఎదురుగాలి ఉంది కదా, బండి చల్లగానే ఉంది. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్లింది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఆ రోజు పెట్టె ఆటోలో వేసుకుని పరిగెత్తిందట, చివరి అవకాశమన్నారట. బావ మళ్లీ వైర్లు తగిలించాడు, మళ్లీ కళ్లు మూసుకున్నాడు, ఫ్యాను మళ్లీ గిర్రున తిరిగింది. "ఇదీ చచ్చింది. ఈ కాలం సరుకే అంత" అన్నాడు. నేను మళ్లీ అల్మరా తెరిచాను. సిగ్గులేని చేతులు, వణకనైనా వణకలేదు.

మూడోసారి బండి తోసుకుంటూ వచ్చింది. చెమటకి బట్టలన్నీ ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి.

"రూటు పోయిందన్నా. పొద్దున్నే ఇంకొకడికి ఇచ్చేశారు. బండి అమ్మేస్తాను. కొనేవాడికి దీని రోగమేంటో చెప్పాలిగా, ఒక్కసారి చూసి చెప్పు" అంది.

బావ మొహం మాడిపోయింది. వైర్లు తగిలించాడు, స్క్రూడ్రైవర్ ఎత్తాడు, కళ్లు మూసుకున్నాడు. వీధి నిశ్శబ్దమైపోయింది. అయితే ఈసారి ఆవిడకి ఆయన మొహం మీద భక్తి లేదు. వంగి ఫ్యాను వంక చూసింది. తరవాత ఆయన ఎడంచెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఫ్యాను ముందు పెట్టింది.

బావ కళ్లు మూసుకునే ఉన్నాడు. అరచేతికి గాలి కొడుతోంది. చెవిలో ఏమీ లేదు. ఆయన వేళ్లు మెల్లిగా విచ్చుకున్నాయి. ఎంతసేపటికీ కళ్లు తెరవలేదు.

తెరిచాక ఎవర్నీ చూడలేదు. తుక్కు డబ్బాలోంచి పాత ఫ్యాన్లు రెండూ తీసి, ఒకదాని తరవాత ఒకటి బ్యాటరీకి తగిలించాడు. రెండూ నిక్షేపంగా తిరిగాయి. అప్పుడు రేడియేటరు పక్కనున్న చిన్న స్విచ్చి దగ్గరికి వెళ్లాడు. నీళ్లు వేడెక్కితే ఫ్యానుని లేపేది అదే. దాని వైర్లు రెండూ ఊడదీసి ఒకదానికొకటి ముట్టించి, బండి తాళం తిప్పాడు. ఫ్యాను లేచింది. ఈసారి కళ్లార్పకుండా చూశాడు. పోయింది ఆ స్విచ్చి. మార్చడానికి పావుగంట పట్టింది.

"నీకు కనపడుతూనే ఉందా?" అని నన్నడిగాడు.

"కనపడింది బావా."

"మొదటిసారి కూడా?"

తలూపాను. శాంపిళ్లావిడ నా వైపు తిరిగింది. "ఆయనకి చెవులు లేవు, సరే. నీకు నోరు లేదా?" అంది. టైలరు గబగబా దారం ఎక్కించుకోవడంలో పడిపోయాడు. టీకొట్టాయనకి అప్పుడే గ్లాసులు గుర్తొచ్చాయి.

బావ షట్టరు దించాడు. "ల్యాబు ఎక్కడమ్మా? పద" అన్నాడు. ఆవిడ ముందు, మేమిద్దరం షాపు బండి మీద వెనక. సిగ్నల్ దగ్గర బావ నా భుజం మీదుగా ముందుకు వంగి ఆవిడ బండి ఫ్యానునే చూశాడు. అది తిరిగింది.

సూపర్‌వైజరు గాజు తలుపు వెనక కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది ఉద్యోగులు. బావ నించునే చెప్పాడు. "తప్పు ఈవిడది కాదు సార్, బండిది కూడా కాదు. నాకు చెవులు వినపడవు. వినపడుతున్నట్టు నటించి బాగున్న ఫ్యాన్లు మార్చాను. ఈవిడ రూటు ఈవిడకి ఇచ్చేయండి."

రెండేళ్లుగా మేం మూటగట్టి దాచిన మాటని ఆ మనిషి ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు అలా కుమ్మరించేశాడు. సూపర్‌వైజరు ఆవిడని చూశాడు, బావని చూశాడు, మెల్లిగా ఏదో చెప్పాడు. ఆవిడ మొహం వెలిగింది. మరుక్షణం నేల చూపులు చూసింది.

బావకి ఒక్క ముక్క అందలేదు. "ఏమంటున్నాడురా?" అని నావైపు తిరిగాడు.

సగమే చెప్పి ఊరుకుందామనిపించింది. ఆవిడ నన్నే చూస్తోంది.

"రేపట్నుంచి రమ్మన్నాడు బావా!" అని అరిచాను. పదిమందీ తలలెత్తారు. "కానీ బండి ఇక నీ దగ్గరికి తీసుకురాకూడదట!"

బావ నా నోటి వంకే చూశాడు. తరవాత తలూపాడు.

"ఇది వినపడింది" అన్నాడు.