కరెంటు నర్సింలు రెండో భాగం

మొన్న కొండాపూర్‌లో ఒక మాల్‌కు పోయినప్పుడు మా అబ్బాయి బొమ్మల షాపులో ప్లాస్టిక్ ముసుగు తీసి ముఖానికి పెట్టుకోబోతుంటే, వాడి చేతిలోంచి లాక్కుని ముందు నేను వాసన చూశాను. ఏ వస్తువునైనా వాసన చూడందే నాకు నమ్మబుద్ధి కాదు, పాలప్యాకెట్టయినా, క్యాబు సీటయినా అంతే. కొత్త ప్లాస్టిక్కూ, లోపల అంటిన జిగురూ, ఎలాస్టిక్ తాడుకు చల్లిన పౌడరూ కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే, అంత ఏసీలో, అంత వెలుగులో ఉన్నదాన్ని కాస్తా కూకట్‌పల్లిలో ఒక థియేటర్ ముందు ఎండలో అమ్మ కొంగు పట్టుకుని నిలబడిపోయాను. ఆ రోజు మా యాదగిరి మామ నాకు కొనిచ్చిన ముసుగు కూడా సరిగ్గా ఇదే కంపు కొట్టింది.

మాది నల్లగండ్ల. ఇప్పుడా పేరు చెబితే అందరికీ అపార్ట్‌మెంట్లే గుర్తొస్తాయి గానీ, నా చిన్నప్పుడు మా ఇంటి వెనకనుంచే గుట్టలు మొదలయ్యేవి. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఆ రాళ్ల సందుల్లో సీతాఫలాలు కాసేవి, వాటిని తెంపుకొచ్చి బియ్యం డ్రమ్ములో దాచి, పండాయో లేదోనని రోజుకు పదిసార్లు వేలితో నొక్కి సగం కాయల్ని మేమే పాడుచేసేవాళ్లం. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు ఆ గుట్ట మీంచే వచ్చేవి, సద్దుల నాడు ఇల్లంతా వేయించిన నువ్వులూ పల్లీలూ చింతపండు పులుసూ కలిసి కమ్మగా వాసనొచ్చేది, మలీద ముద్దల్లోని బెల్లం మా గౌన్లకు అంటుకుని చీమలు వెంటబడేవి. మధ్యాహ్నం పూట గుట్టను పేల్చేవాళ్లు విజిల్ ఊదగానే అమ్మ గూట్లో ఉన్న గాజు గ్లాసులన్నీ తీసి నేల మీద పెట్టేది, ధన్‌మని పేలి రేకులు అదిరాక మళ్లీ సర్దేది. ఏటేటా పూలకోసం ఇంకొంచెం దూరం నడవాల్సి వచ్చేది.

నా అనుమానపు బుద్ధి అమ్మ వైపు నుంచి వచ్చిందే. భూములు అడగడానికి తెల్లచొక్కాల మనుషులు వరస కట్టిన రోజులవి. అమ్మ ఎవరినీ పొమ్మనేది కాదు గానీ, నమ్మని మనిషిని బయట అరుగు మీదనే కూర్చోబెట్టి చెంబుడు నీళ్లిచ్చేది, నమ్మితే లోపలికి పిలిచి చాయ్ పోసేది. పైన రెండు గదుల్లో కిరాయికుండే మూర్తిగారిది భీమవరం వైపు. సినిమాలకు డబ్బింగ్ చెప్పించే స్టూడియోలో పని. ఆయనకు చాయ్ దొరకడానికి ఒక ఏడాది పట్టింది.

యాదగిరి మామ అమ్మకు తమ్ముడు. పాలమూరు దిక్కునుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంటూ, హైటెక్ సిటీ కంపెనీలకు క్యాబ్ నడిపేవాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరి వారానికో బంద్ వస్తున్న కాలం, బడి లేదు, క్యాబుల్లేవు, మామ మాకు దొరికేవాడు. కిటికీకి దుప్పటి కట్టి, ఒక ఇంగ్లీషు సినిమా సీడీ పెట్టేవాడు. అందులో ఒక ముసుగు మనిషి, చేతుల్లో కరెంటు, చెడ్డవాణ్ని ముట్టుకుంటే వాడు గిలగిల కొట్టుకుంటాడు. ఇంగ్లీషు మాకు రాదు, మామకు అసలే రాదు. సౌండ్ కొంచెం తగ్గించి, తెర మీద పెదవులు కదిలినప్పుడల్లా మామే మాటలు కల్పించి చెప్పేవాడు. ముసుగు మనిషికి ఆయన పెట్టిన పేరు కరెంటు నర్సింలు.

"ఏందిర భయ్, ఆడిపిల్ల ఒక్కతి పోతుంటె అడ్డమొస్తున్నవ్? జర పక్కకు జరుగు," అనేవాడు నర్సింలు, మామ గొంతుతో, తొందరేం లేకుండా. ఆ తర్వాతే చెయ్యి ఎత్తేవాడు. అప్పటికే నాకు వాడి మీద బోలెడు అనుమానాలు.

"మరి అన్నం ఎట్ల తింటడు మామా, షాక్ కొట్టదా?"

"కట్టె చెంచతోని తింటడు బిడ్డ."

ఆ జవాబుతో నేను నర్సింలును పూర్తిగా నమ్మేశాను. నా బాల్యంలో నేను అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. సినిమా చివర్లో వంతెన మీంచి నీళ్లలో పడిపోయి ముసుగు ఒక్కటే తేలితే, మామ మాత్రం బెంగపడొద్దని, రెండో భాగంలో తప్పకుండా వస్తాడని చెప్పేవాడు.

బంద్ రోజున రోడ్డు మధ్యలో రాళ్లపొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. బగారన్నం, పప్పుచారు వాసనకు పిల్లలమంతా అక్కడే ఉండేవాళ్లం, చెమటలు కారుతూ మామ పెద్ద గంటెతో డేగిశా కలుపుతుంటే పక్కన డప్పులు మోగేవి. అమ్మ ఒక పళ్లెం నిండా పెట్టి మూర్తిగారింటికి నాతో పంపింది. వాళ్లావిడ "ఎందుకమ్మా ఇవన్నీ" అంటూ తీసుకుంది గానీ, తింటుందో పారబోస్తుందో చూద్దామని నేను మెట్ల కింద నక్కి కూర్చున్నాను. ఏమీ కనపడలేదు. సాయంత్రం పళ్లెం శుభ్రంగా కడిగి, రెండు అరిసెలు పెట్టి తిరిగొచ్చింది. నేను వాటిని వాసన చూశాకే కొరికాను. ఆ రోజుల్లో అందరం ఒకరినొకరం అట్లాగే చూసుకునేవాళ్లం, బస్సులో పక్కవాడు నోరు తెరవగానే ఎటువైపు మనిషో తేల్చుకుని గానీ సర్దుకుని కూర్చునేవాళ్లం కాదు.

రెండో భాగం తెలుగులో కూడా వస్తోందనీ, అందులో ఒక పాత్రకు యాదగిరి గొంతు కావాలనీ మూర్తిగారే వచ్చి అడిగారు. "మా వాళ్లెవరు చెప్పినా ఆ యాస పడట్లేదండి," అన్నారాయన. మామకు నేల మీద కాళ్లు ఆనలేదు. మిరియాల పాలు తాగుతూ, చల్లనీళ్లు మానేసి, పెళ్లికొడుకులా తిరిగాడు.

"సినిమోళ్లకు గొంతులు కరువైనయా తమ్మీ? నిన్నెందుకు పిలుస్తున్రు?" అంది అమ్మ.

"అచ్చం మన మాటనే గావాల్నట అక్కా."

"మన మాట వాళ్లకెందుకు?"

మామ నవ్వి పాలగ్లాసు ఎత్తాడు. స్టూడియోకు పోయొచ్చాక చీకటి గదిలో ఒక్కణ్నే నిలబెట్టి, చెవులకు మిషన్ తగిలించి, తెర మీద చిన్న చిన్న ముక్కలు మళ్లీ మళ్లీ తిప్పుతూ చెప్పించారని మాత్రం చెప్పాడు. ఎవరికి గొంతిచ్చావంటే, "లావాటి మనిషి, చూస్తవు గద," అని దాటేశాడు. నాకు, అమ్మకు ఒకేసారి అనుమానం వచ్చింది, ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

థియేటర్ కూకట్‌పల్లిలో. ఆట పడుతుందో, ఎవరైనా వచ్చి ఆపేస్తారో చివరిదాకా తెలియదు. లైన్లో మా ముందూ వెనకా అంతా "అండి" అనేవాళ్లే, అమ్మ నన్ను మెల్లగా మాట్లాడమంది. లోపల లైట్లు ఆరిపోయాయి, నర్సింలు వచ్చాడు. మొదటి భాగంలో ముసుగు నీలం, ఇప్పుడు నలుపు. గడ్డం పొడుగైంది. నడకలో తొందర ఎక్కువైంది. అప్పుడు కరెంటు చేతుల్లోనే ఉండేది, ఇప్పుడు కళ్లలోంచి కూడా వస్తోంది. ఇవన్నీ ఓర్చుకున్నాను. అప్పుడు వాడు నోరు విప్పి, "ఆగు! ఒక స్త్రీని అవమానించే హక్కు నీకెవరిచ్చారు?" అన్నాడు, రేడియోలో వార్తలు చదివే గొంతుతో. అసలు నర్సింలు ఆ నీళ్లలోనే పోయాడనీ, ఎవడో వాడి ముసుగేసుకుని వచ్చాడనీ నాకు ఆ క్షణమే తేలిపోయింది.

నర్సింలు గొంతు ఇంకో నోట్లోంచి వచ్చింది. బట్టతల, పెద్ద పొట్ట, ఎప్పుడూ ఏదో నములుతుండే దొంగ ఒకడు పర్సు కొట్టేసి, "అరె, మస్తు బరువున్నదిరో," అన్నాడు. హాలంతా గొల్లుమంది. మామ గొంతని గుర్తుపట్టి ముందు నేనూ సంబరపడి ఆయన చెయ్యి పట్టుకున్నాను. కానీ వాడు దొంగతనం చేసినప్పుడు ఎవరూ నవ్వడం లేదు, నోరు తెరిచినప్పుడే నవ్వుతున్నారు. చివరికి ముసుగువాడు దొరకబుచ్చుకుని చితకబాదుతుంటే ఆ దొంగ మూలుగుతూ, ఏడుస్తూ, "బాంచెన్, నీ కాల్మొక్త" అన్నాడు. ఈలలు వేసి మరీ నవ్వారు. దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకుని మా అమ్మమ్మ అన్న మాట అది, మా ఇంట్లో ఆటకు కూడా ఎవరినీ అననిచ్చేవాళ్లు కాదు. అమ్మ సగం తిన్న సమోసా కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. మామ వైపు చూశాను. మామ కూడా నవ్వుతున్నాడు, అందరికంటే గట్టిగా.

నాకు ఏడుపొచ్చింది. బయటికొచ్చాక నన్ను ఊరుకోబెట్టడానికే ఆ ముసుగు కొనిచ్చాడు. ఇంటి దగ్గర మూర్తిగారు మెట్ల మీదే ఎదురుచూస్తూ, "ఎలా ఉంది యాదగిరీ?" అంటే, "మంచిగుంది సార్," అన్నాడు మామ. ఆయన మంచి మనిషే, నిజంగానే సంతోషంగా అడిగారు. కానీ మరుసటి నెల ఆయన కిందికొచ్చినప్పుడు అమ్మ అరుగు మీదనే కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. కొన్నాళ్లకు వాళ్లు మియాపూర్ మారిపోయారు.

మామ మళ్లీ సీడీ పెట్టలేదు. బంద్‌లు వచ్చాయి, దుప్పటీ ఉంది, మేమూ ఉన్నాం, అడిగితే తలనొప్పి అనేవాడు. రాష్ట్రం వచ్చిన రోజు రోడ్డు మీద గులాల్ చల్లుకుని ఎగిరాడు గానీ, నర్సింలును మాత్రం ఇంట్లోకి తీసుకురాలేదు. మామను మోసం చేశారా, లేక అంతా తెలిసే ఒప్పుకున్నాడా అన్న అనుమానం నన్ను ఇన్నేళ్లూ తొలిచింది. ఎందుకంటే తెర మీద పడుతున్న తన్నులు చూస్తూ తప్ప ఆ మూలుగులు ఎవరూ మూలగలేరు. దగ్గరుండి చూసే మూలిగాడు. అట్లాంటప్పుడు మమ్మల్నందర్నీ ఎందుకు తీసుకుపోయాడు?

ఇప్పుడు గుట్ట లేదు, తంగేడు పూలు మార్కెట్లో కొంటాం. మొన్న మాల్ నుంచి వచ్చేసరికి మామ ఇంట్లో ఉన్నాడు, జుట్టు నెరిసిపోయింది. మా వాడు కొత్త ముసుగు పెట్టుకుని టీవీలో ఆ రెండో భాగాన్నే పెట్టాడు, ఇంగ్లీషులో. వాడికి తెలుగులో చూడటం ఇష్టం ఉండదు. బట్టతల దొంగ దొరికిపోయే చోటు రాగానే నేను అడిగేశాను.

"మామా, గీ దెబ్బలప్పుడు నువ్వే గద మూలిగినవు. నీకు ముందే ఎరుకనా?"

మామ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"నా చెవులల్ల ఇంగ్లీషే వినవడుతుండె బిడ్డ. ఇంగ్లీషుల ఉన్నంతసేపు ఆ ముసుగోడు నర్సింలే గద. మనోని కాళ్లు మొక్కితె ఏంబోతదిలే అనుకున్న. వాడు తెలుగుల గట్ల మాట్లాడుతడని హాల్ల గూసున్నంకనే తెలిసింది."

తెర మీద ముసుగువాడు చెయ్యెత్తాడు, పెదవులు కదిలాయి. మామ ముందుకు వంగి, గొంతు సవరించుకుని, తొందరేం లేకుండా, "ఏందిర భయ్, జర పక్కకు..." అన్నాడు.

మా వాడు వెనక్కి తిరక్కుండానే రిమోట్ తీసుకుని సౌండ్ పెంచాడు.