పల్చటి పెంకు

పొదుగు కోడి కింద చెయ్యి పెట్టి గుడ్డు తిప్పబోతే, బొటనవేలి కింద పెంకు మెత్తగా లోపలికి కుంగింది. ప్రమాదం నాకు తెలిసింది ఆ క్షణంలోనే. అది పదకొండో రోజు. తొమ్మిదింటిలో నాలుగు అప్పటికే చిట్లి ఉన్నాయి. కోడిపిల్లల కోసం మా పిల్లలిద్దరూ క్యాలెండర్‌లో రోజుకో గడి కొట్టేస్తున్నారు.

నాందేడ్‌లో మా ఇంటి వెనక అయిదు కోళ్లున్నాయి. నాటుకోడి పొదుగుకు కూర్చుంటే, రోజూ తప్పకుండా పెట్టే ఎర్రకోడి గుడ్లే ఏరి దాని కింద పెట్టాను. పుట్టే పెట్టలూ అలాగే పెడతాయని నా ఆశ.

"దినాం పెడ్తదని మురిసినవ్ గానీ, పెంకు సూసినవా బిడ్డా?" అంది అత్తమ్మ.

పశువుల దవాఖానాకు పరుగెత్తాను. "ఎర్రకోడికి సున్నం పెడ్తె ఫాయిదా ఉంటదా?" అని డాక్టరును అడిగాను.

"ఇగ పెట్టే గుడ్లకు జరంత. పొదుగేసినయాటికి ఏం చెయ్యరాదు తాయీ. పెంకు మందం చానామట్టుకు ఆ కోడి తల్లిదండ్రుల నుంచే అస్తది. మస్తు పెట్టేటియాటికి పెంకు పల్చగుండుడు మామూలే."

సాయంత్రానికి మిగిలినవీ చిట్లాయి. నాటుకోడి మాత్రం తడిసిన గడ్డి మీద రెక్కలు చాచి కూర్చునే ఉంది.

పొద్దున పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను: "ఈసారి కోడిపిల్లలు రావు నాన్నా. కోడిని తిట్టకుర్రి. గుడ్లు ఏరింది నేను. ఎన్ని పెడ్తదో సూసిన గానీ, పెంకు పట్టి సూడలె."