రమక్కా, ఆ బోర్డు ఇంకా అట్లనే ఉంది

నిన్న పొద్దున ఆఫీస్ కాల్‌ల ఉన్న. రమక్క భర్త ప్రసాదన్న ఫోన్ చేసిండు. కట్ చేసిన. మళ్ళ చేసిండు. మళ్ళ కట్ చేసిన.

మూడోసారి ఎత్తితే, "రమ లేదు స్వాతీ" అన్నడు.

"స్టేషన్ దిక్కు పోయిందేమో అన్నా" అన్న నేను.

అట్ల అన్ననంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి అయితలేదు.

గుండెపోటు. ఇంట్లనే. యాభై ఒక్క ఏండ్లు.

తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. రమక్క మా పక్కింటామె. మేం జర్మనీల డార్మ్‌స్టాట్ దగ్గర ఒక చిన్న ఊర్ల ఉంటం. నూటయాభై ఏండ్ల కింద ఒక నూలు మిల్లు ఓనర్ తన వర్కర్ల కోసం కట్టించిన కాలనీ అది. ఒక్క తీరు ఎర్ర ఇటుక ఇండ్లు, ఒక బడి, అందరు బట్టలు ఉతుక్కునే షెడ్డు. మిల్లు ఎప్పుడో మూతపడ్డది. మేమంత ట్రెయిన్ దగ్గర అని వచ్చినోళ్ళమే.

రమక్క మాత్రం వచ్చిన వారంలనే అడిగిందట, "ఈ ఇంట్ల ముందు ఎవలుండె?" అని.

ఆమె పుట్టి పెరిగింది కొత్తగూడెంల, బొగ్గుగని క్వార్టర్లల్ల. మాకు రాని ప్రశ్న ఆమెకు అందుకే వచ్చిందేమో.

కాలనీ మొదట్ల ఒక బోర్డు ఉంటది. దయగల యజమాని కార్మికులకు ఇండ్లు, బడి ప్రసాదించిండని. పెద్ద ఫోటో ఆయనది. కార్మికుల పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఎదురింటి హెల్గా ఓమాకు, ఓమా అంటే జర్మన్‌ల అవ్వ, ఎనభై ఆరేండ్లు. ఆమె అటక మీద ఒక పాత డబ్బా ఉండె. అందుల కాలనీ రూల్స్ కాగితం, మిల్లు సూపర్వైజర్ డైరీ. అంత పాత జర్మన్ గొలుసుకట్టు రాత, ఇప్పటి జర్మన్ పిల్లలకే కాదు, ఓమాకు కూడ చదవరాదు.

రమక్క రెండు చలికాలాలు ఓమా కిచెన్‌ల కూసొని, పుస్తకం చూసి ఆ రాత నేర్చుకుంది. పోయినప్పుడల్లా ఓమాకు సకినాలు తీస్కపోయేది.

ఒకరోజు కాగితం పట్టుకొని మా ఇంటికొచ్చింది.

"ఇగో విను. పని పోతే మూడు రోజులల్ల ఇల్లు ఖాళీ చెయ్యాలె. చుట్టాలొస్తే ముందే పర్మిషన్ తీస్కోవాలె. శనివారం ఓనర్ మనిషి వచ్చి కిచెన్ చూసిపోతడు."

"మస్తు స్ట్రిక్ట్ కదక్కా" అన్న, ఫోన్ చూస్కుంటనే.

"నీ బ్లూ కార్డు వీసా కాగితాలు ఎప్పుడన్న చదివినవా? ఉద్యోగం పోతే ఎన్ని రోజులు ఉండనిస్తరో?" అన్నది.

పోయినేడు మా టీంల లేఆఫ్స్ అయినప్పుడు గానీ ఆ మాట నాకు ఎక్కలే.

డైరీల ఆమెకు దొరికింది ఇది. అన్నా అనే పేరున్న ఒకామె. మొగడు మిషిన్ల పడి చనిపోయిండు. మూడో రోజు ఆమె సామాను రోడ్డు మీద పెట్టిండ్రు. కాలనీ ఆడోళ్ళందరు షెడ్డుల కూసొని, ఓనర్ ఇంటి బట్టలు ఉతకం అన్నరు. తొమ్మిది రోజులు ఉతకలే. అన్నాకు ఇల్లు తిరిగొచ్చింది.

ఆ అన్నా హెల్గా ఓమా ముత్తవ్వ. ఆ ఇల్లు ఇప్పుడు రమక్క వాళ్ళు ఉండే ఇల్లు.

ఓమాకు ఈ సంగతే తెల్వదు. ఇంట్ల ఎవ్వరు చెప్పలే. రమక్క చదివి వినిపిస్తుంటే కండ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టిందట.

అప్పటి నుంచి రమక్క అడిగింది ఒక్కటే. బోర్డు మీద ఆ ఆడోళ్ళ గురించి ఒక లైన్ రాయమని.

మూడేండ్లు. టెర్మిన్ మీద టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ మీద అపాయింట్‌మెంట్. ఈ ఫామ్ కాదు ఆ ఫామ్. ఒకసారి నేను కూడ పోయిన. బోర్డు చూస్కునే స్థానిక చరిత్ర సంఘం పెద్దాయన మంచిగనే నవ్వుకుంట అడిగిండు, "మీరు ఇక్కడివాళ్ళు కారు కదా, ఇది మీకెందుకు?" అని.

రమక్క తన వచ్చీరాని టూటా ఫూటా జర్మన్‌ల, "ఆమె వండుకున్న కాడనే నేను వండుకుంటున్న" అన్నది.

ఆయన తల ఊపి ఏదో రాసుకున్నడు. అంతే.

పోయిన నెల కొత్త బోర్డు పెట్టిండ్రు. ఒక లైన్ నిజంగనే కలిపిండ్రు. "కాలనీ స్త్రీలు ఈ షెడ్డులో ఆనందంగా కబుర్లు చెప్పుకునేవారు."

కబుర్లు!

రమక్క ఫోన్ చేసింది. "స్వాతీ, శనివారం వస్తవా? ఒక లెటర్ రాద్దాం. నా జర్మన్‌ల కోపం సరిగ్గ రాదు."

"నెక్స్ట్ వీక్ అక్కా, ఆఫీస్‌ల రిలీజ్ ఉంది" అన్న.

నాలుగు శనివారాలు అదే అన్న.

ఇయ్యాల మన తెలుగోళ్ళ గ్రూపుల అందరు "గ్రేట్ సోల్" అని పెడ్తున్నరు. మన బతుకమ్మ ప్రోగ్రాం రోజు ఆమె కాలనీ చూపిస్త రండ్రి అంటే, లంచ్ టైంల స్లాట్ ఇచ్చినం. వచ్చింది ముగ్గురం. అందుల ఒకాయన పార్కింగ్ ఎక్కడ అని అడగనీకి వచ్చిండు.

ఎవ్వరినీ అంటలే. నేను కూడ అందులనే ఉన్న.

ఇయ్యాల పొద్దున ప్రసాదన్న ఇంటికి ఆ సంఘం పెద్దాయన ఫోన్ చేసిండు. నేనే ఎత్తిన. సంతాపం చెప్పిండు. ఆ వెనుకనే, ఆమె దగ్గరున్న పాత కాగితాలు సంఘానికి అప్పజెప్పాలన్నడు.

ఇంక ఆమె బట్టలు కూడ మడత పెట్టలే మేము.

పక్కనే ఉండి విన్న హెల్గా ఓమా నా చేతుల నుంచి ఫోన్ గుంజుకుంది.

"అవి మా ముత్తవ్వ కథ ఉన్న కాగితాలు. నేనే రమకు ఇచ్చిన. మీకు కావాలంటే ఇక్కడికొచ్చి, టేబుల్ దగ్గర కూసొని, మొత్తం చదవండి" అని పెట్టేసింది.

తర్వాత ఇద్దరం కూసొని, బోర్డు మార్చమని సంఘానికి ఆ లెటర్ రాసినం. రమక్క పేరు, ఆమె చదివిన ప్రతి పేజీ నంబర్ వేసినం. కింద ఓమా సంతకం పెట్టింది, నేను పెట్టిన. మీలో ఎవరన్న పెట్టాలంటే ఇంటికి రండ్రి. లైక్ కొట్టుడు వద్దు.

అంత్యక్రియలు గురువారం. టైం ప్రసాదన్న చెప్తడు.

పోయిరా రమక్కా. ఇంత తొందరగ పోయినవని నీ మీద కూడ కోపమే ఉంది.

నీకు శాంతి దొరకాలె. మాకిప్పుడే వద్దు.